మంచుమనిషి జాడ

చెరువుగట్టు మర్రిమీద దయ్యముందనీ, కొండగుహలో వింతమృగముందనీ పెద్దలు చెప్పగా మీరు వినే ఉంటారు. అటువంటి కథల్లో లోకమంతా ఎరిగినది హిమాలయాల ‘యెతి’ కథ. షెర్పాలు తరతరాలుగా చెప్పుకొనే ఈ మృగం ఒళ్ళంతా జుట్టుతో, రెండుకాళ్ళమీద నడుస్తుందట. 1921లో ఒక పత్రికా విలేఖరి దీనికి ‘మంచుమనిషి’ అనే పేరు తగిలించాడు. ఆ పేరు అతుక్కుపోయింది.

1951లో ఎరిక్ షిప్టన్ అనే పర్వతారోహకుడు ఎవరెస్టు ప్రాంతంలోని మెన్లుంగ్ హిమానీనదంమీద ఒక పెద్ద అడుగుజాడను చూశాడు. కొలత తెలిసేటట్లు మంచుగొడ్డలిని పక్కన పెట్టి ఫోటో తీశాడు. దానితో అన్వేషణ జోరందుకుంది. అయితే మంచుమీది జాడను నమ్మడం కష్టం. ఎండకు అంచులు కరిగి చిన్నజాడ పెద్దదవుతుంది. ఎలుగుబంటి ముందుకాలి జాడమీద వెనుకకాలు పడితే రెండూ కలిసి ఒకే పాదంలా కనిపిస్తాయి.

ఎవరెస్టు విజేత ఎడ్మండ్ హిల్లరీ 1960లో ఒక బృందంతో నేపాల్ వెళ్ళాడు. యెతిని వెదకడం కూడా ఆ బృందం పనుల్లో ఒకటి. అక్కడ ఖుంజుంగ్ గ్రామంలోని బౌద్ధమఠంలో యెతి తలచర్మమని చెప్పే వస్తువు ఒకటుంది. కోసుగా, వెంట్రుకల టోపీలాగా ఉంటుంది. గ్రామస్థులకు అది పవిత్రం. పరీక్షకు పంపడానికి వారు ఊరికే ఒప్పుకొంటారా? ఆరువారాల్లో తిరిగి తేవాలని షరతు పెట్టి, గ్రామపెద్ద ఖుంజో చుంబిని తోడు పంపారు. ఆయన దాన్ని వెంటబెట్టుకొని చికాగో, పారిస్, లండన్ నగరాలు తిరిగాడు. అది సీరో అనే మేకజాతి కొండజంతువు తోలును అచ్చుమీద సాగదీసి చేసినదని శాస్త్రజ్ఞులు తేల్చారు. అన్నమాట ప్రకారం దాన్ని మళ్ళీ మఠానికి చేర్చారు. 1961లో హిల్లరీ ఆ ఊరి పిల్లలకు బడి కూడా కట్టించాడు.

2017లో షార్లెట్ లిండ్‌క్విస్ట్ బృందం మరో పరీక్ష చేసింది. యెతివని చెప్పి దాచిన ఎముక, పన్ను, చర్మం, వెంట్రుకలు మొదలైన 9 నమూనాల డి.ఎన్.ఏ.ను పరిశీలించింది. వాటిలో 8 ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది! అంతమాత్రాన షెర్పాలు అబద్ధమాడారనడం తొందరపాటు. పొగమంచులో ఎలుగు నిలబడితే మనకైనా మనిషిలాగే తోచవచ్చు.

జనం మాటే నిలిచిన సందర్భమూ ఉంది. 1848లో శాస్త్రగ్రంథాలకెక్కిన కలివికోడి అనే పక్షి 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంటపడలేదు. అంతరించిపోయిందనుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లోని కడప జిల్లా పల్లెవాసులు మాత్రం దాన్ని ఎరుగుదుమన్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు ఆ మాట పట్టుకొని వెదికించగా, 1986లో ఒక గ్రామస్థుడు రాత్రివేళ దాన్ని ప్రాణాలతో పట్టుకొన్నాడు. అన్నాళ్ళూ అది ఎందుకు దొరకలేదో అప్పుడు అర్థమయింది. కలివికోడి పగలంతా ముళ్ళపొదల చాటున ఉండి, చీకటి పడ్డాకనే మేతకు బయలుదేరుతుంది.