రాకెట్ మందు ఆకుకూరలోకి ఎలా వచ్చింది?

శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు లేచేటప్పుడు అడుగున నిప్పులు కక్కే మొదటి దశను పాఠకులు టీవీలో చూసే ఉంటారు. ఆ దశలో ఉండేది ఘన ఇంధనం. ఏది మండాలన్నా ఆక్సిజన్ కావాలి. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కనుక రాకెట్టు తన ఆక్సిజన్‌ను తానే మోసుకుపోవాలి. అందుకోసం ఇంధనంలో కలిపే ఉప్పులాంటి తెల్లని పదార్థమే అమ్మోనియం పెర్‌క్లోరేట్. దీని జాతికే చెందిన పొటాషియం పెర్‌క్లోరేట్‌ను బాణసంచాలో వాడతారు. ఇటువంటి పదార్థానికీ మనిషి తినే కూరకూ సంబంధమేమిటని అడగవచ్చు. ఈ వారం పాఠం అదే.

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, లాస్‌వేగాస్ పక్కన హెండర్సన్ అనే పట్టణం ఉంది. అక్కడ రెండు కర్మాగారాలు ఏళ్ళ తరబడి పెర్‌క్లోరేట్ తయారుచేశాయి. వాటిలో ఒకటి 1988 మే 4న పేలిపోయింది. ఇద్దరు మరణించారు, వందలమంది గాయపడ్డారు. ఆ పేలుడు సంగతి లోకానికంతా తెలిసింది. తెలియనిదల్లా నేలలోకి ఇంకిపోయిన పెర్‌క్లోరేట్ సంగతి. ఇది నీటిలో ఇట్టే కరుగుతుంది, మట్టిని పట్టుకుని ఉండదు, తొందరగా విరిగిపోదు. భూగర్భ జలంతో కదిలి ఒక వాగులోకి, అక్కడినుంచి మీడ్ సరస్సులోకి, ఆపైన కొలరాడో నదిలోకి చేరింది. నూరు కోట్ల పాళ్ళ నీటిలో నాలుగు పాళ్ళున్నా పసిగట్టే పద్ధతి 1997లో కాలిఫోర్నియాలో వచ్చాకగాని ఈ విషయం బయటపడలేదు. అంతవరకూ నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయనుకున్నారు. నిజానికి లేనిది మాలిన్యం కాదు, దాన్ని కొలిచే సాధనం.

ఆ నది నీటితోనే కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయ, అరిజోనాలోని యూమా ప్రాంతం సాగవుతాయి. చలికాలంలో అమెరికా తినే లెట్యూస్ ఆకుకూరలో అధిక భాగం అక్కడిదే. మొక్క వేరుతో నీటిని పీల్చి, ఆకుల ద్వారా ఆవిరిగా వదిలేస్తుంది. పెర్‌క్లోరేట్ మాత్రం ఆవిరి కాదు, ఆకులోనే మిగిలిపోతుంది. లూసర్న్ గడ్డి మేసిన ఆవు పాలలోకీ అలాగే వెళుతుంది. 2005లో ప్రచురించిన ఒక పరిశోధనలో, 18 రాష్ట్రాలకు చెందిన 36 మంది తల్లుల పాలను పరీక్షించారు. తల్లిపాలలో సగటున లీటరుకు 10.5 మైక్రోగ్రాములు, అంగడి పాలలో 2 మైక్రోగ్రాములు కనిపించాయి. తల్లిపాలలోనే ఎందుకెక్కువ?

జవాబు మన మెడలో ఉంది. అవటు గ్రంథి, అంటే థైరాయిడ్, రక్తంలోని అయోడిన్‌ను లోనికి లాక్కుని హార్మోన్ తయారుచేస్తుంది. ఆ లాక్కునే ద్వారం దగ్గర పెర్‌క్లోరేట్ కూడా వచ్చి నిలబడుతుంది. రెండూ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉండటంవల్ల ద్వారం మోసపోతుంది. పైగా అయోడిన్‌కంటే పెర్‌క్లోరేట్‌నే గట్టిగా పట్టుకుంటుంది. పాలిచ్చే తల్లి రొమ్ములోనూ సరిగ్గా ఇటువంటి ద్వారమే ఉంది. బిడ్డకు అయోడిన్ అందించడానికి ప్రకృతి పెట్టిన ఏర్పాటు అది. అయోడిన్ తగ్గి పెర్‌క్లోరేట్ పెరిగితే బిడ్డకు రెండు విధాలా నష్టమే. గర్భస్థ శిశువు, పసికందు మెదడు ఎదగాలంటే ఈ హార్మోన్ తప్పనిసరి.

వైద్యులకు ఈ గుణం కొత్తది కాదు. థైరాయిడ్ అతిగా పనిచేసే రోగులకు 1950ల, 60ల కాలంలో పెర్‌క్లోరేట్‌నే మందుగా ఇచ్చారు. కొందరిలో ఎముక మజ్జ దెబ్బతిని రక్తం తయారుకాక మరణించడంతో ఆ వాడకం బాగా తగ్గిపోయింది. అయితే ఆ మోతాదులు ఆకుకూరలో దొరికేదానికి ఎన్నో వేల రెట్లు. కనుక లెట్యూస్ తిన్నవారికి రోగం వచ్చినట్టేనని చెప్పడం సరికాదు. మూత్రంలో కొద్ది గంటల్లోనే చాలావరకు పోతుంది కూడా. చిక్కంతా రోజూ కొంచెం కొంచెంగా అందుతూ ఉండటంలోను, అయోడిన్ లోటు ఉన్నవారిలోను ఉంది. 2006లో వెల్లడైన అమెరికా ప్రభుత్వ పరిశీలనలో 2,820 మంది మూత్రాన్ని చూస్తే ఒక్కరినీ వదలకుండా అందరిలోనూ పెర్‌క్లోరేట్ ఉంది. అయోడిన్ తక్కువగా ఉన్న స్త్రీలలో అది పెరిగినకొద్దీ థైరాయిడ్ హార్మోన్ తగ్గడం కనిపించింది.

రోజుకు ఎంతవరకు ఫరవాలేదు? అమెరికా జాతీయ పరిశోధనా మండలి 2005లో శరీర బరువులో కిలోకు 0.7 మైక్రోగ్రాములన్నది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2014లో 0.3 అన్నది. నీటి విషయంలో మసాచుసెట్స్ 2 పాళ్ళ దగ్గర, కాలిఫోర్నియా 6 పాళ్ళ దగ్గర గీత గీశాయి. దేశమంతటికీ పరిమితి విధిస్తామని 2011లో చెప్పిన కేంద్ర పర్యావరణ సంస్థ 2020లో అక్కరలేదన్నది. అలా వెనక్కి తగ్గడం చెల్లదని 2023లో న్యాయస్థానం తీర్పు చెప్పింది. పన్నెండేళ్ళంటే, ఆ మొదటి ఏట పుట్టిన బిడ్డ హైస్కూలు మెట్లెక్కే కాలం! హెండర్సన్‌లో మాత్రం భూగర్భ జలాన్ని తోడి శుద్ధిచేయడంవల్ల వాగులోకి చేరేది నూటికి తొంభై వంతులకు పైగా తగ్గింది.

మన దేశానికి ఇది కేవలం దూరపు కథ కాదు. కేరళలోని ఆలువా దగ్గర ఇస్రోకు పెర్‌క్లోరేట్ తయారుచేసే కర్మాగారం ఉంది. ఆ పరిసరాల బావుల్లో ఇది ఉన్నట్టు శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

ఇక ఇంట్లో చేయదగినది. నీటిని కాచితే పెర్‌క్లోరేట్ పోదు, గుడ్డతో వడకట్టినా పోదు. ఆర్.ఓ. యంత్రం మాత్రం చాలావరకు తీస్తుంది. బ్లీచింగ్ ద్రావణాన్ని నెలల తరబడి ఎండలో నిలవ ఉంచితే దానిలోనే పెర్‌క్లోరేట్ పుడుతుంది కనుక తాజాది కొద్దికొద్దిగా కొనుక్కోవాలి. అయోడిన్ కలిపిన ఉప్పును మూత ఉన్న డబ్బాలో పోసి, పొయ్యికి దూరంగా ఉంచి, కూర దించే ముందు వేయాలి. గర్భిణులకు రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ అవసరం, మామూలు పెద్దలకు 150 చాలు. ఇదంతా చదివి ఏ తల్లీ బిడ్డకు పాలు మాన్పించకూడదు. డబ్బాపాలలోనూ పెర్‌క్లోరేట్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది.