‘కంటె’ కంటే ముందు ‘కొఱకు’

విభక్తుల పట్టిక మనలో అందరికీ కంఠతా వచ్చినదే. చతుర్థికి ‘కొఱకు, కై’. పంచమికి ‘వలన, కంటె, పట్టి’. ‘కొఱకు’ ప్రయోజనాన్ని చెబుతుంది, ‘కంటె’ పోలికను చెబుతుంది. పట్టికలో ‘కొఱకు’ ముందు, ‘కంటె’ తర్వాత. ఆ వరుస సంస్కృతం నుంచి వచ్చిందే అయినా, అంగడికి వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచి సలహా నాకు కనబడలేదు. ఎవరి కొఱకు, దేని కొఱకు అన్నది ముందు తేల్చుకోవాలి. దేనికంటె ఏది మేలు అన్నది ఆ తర్వాతి మాట.

ఇంకొక సంగతి. ఇంగ్లీషులో ‘గుడ్, బెటర్, బెస్ట్’ అని విశేషణమే రూపం మార్చుకుంటుంది. పక్కన ఏ వస్తువునూ పేర్కొనకుండా ‘బెస్ట్’ అని ఊరుకోవచ్చు. తెలుగులో ‘మంచి’ ఎప్పుడూ ‘మంచి’గానే ఉంటుంది. పోలిక చెప్పాలంటే ‘దానికంటే మంచిది’ అనో, ‘అన్నిట్లోకీ మంచిది’ అనో అనాలి. అంటే పక్కన నిలబెట్టిన వస్తువు పేరు చెప్పక తప్పదు. షోరూమ్‌లో ‘ఇదే బెస్ట్ కారు మేడమ్’ అన్నప్పుడు ఆ మాటను మనసులో తెలుగులోకి తిప్పి చూడండి. ‘దేనికంటే?’ అనే ప్రశ్న దానంతట అదే వస్తుంది.

ఈ పాఠానికి ఉదాహరణగా లగ్జరీ సెడాన్ కార్లను తీసుకుంటున్నాను. మన గోడపత్రిక ముందు నిలబడి చదివేవాళ్లలో చాలామంది 29సీ బస్సులోనో లోకల్ ట్రైన్‌లోనో వచ్చేవాళ్లే, నేను కూడా. అయినా ఈ ఉదాహరణ ఎందుకంటే, పెరంబూరులో మా మేనమామ ఒక కారు కొనాలని మూడింటిని చూసి వచ్చాడు. ‘బీకాం చదువుతున్నావు గదా, మూడింటికీ ఒక పట్టిక వేసి పెట్టమ్మా’ అన్నాడు. ఆ మూడు: మెర్సిడెస్ బెంజ్ సీ-క్లాస్, బీఎమ్‌డబ్ల్యూ 3 సిరీస్ పొడవు రకం, ఆడి ఏ4. ధరలు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. లెక్క సులభంగా ఉండడానికి ఎక్స్-షోరూమ్ ధర 60 లక్షలు అనుకుందాం.

ఎవరి కొఱకు?

పట్టికలో మొదటి గడిలో నేను కారు పేరు రాయలేదు. మనిషి పేరు రాశాను.

మామ: కారు తనే నడుపుతాడు. వేగం ఇష్టం. వ్యాపారంలో పదిమంది చూసే బండి కావాలి.

అత్త: లైసెన్సు ఉంది. ఇంట్లో ఇప్పుడున్న పాత ఎత్తు కారును రోజూ సందులోంచి తీసి పెట్టేది ఆమే.

అవ్వ: మోకాళ్ల నొప్పులు. వారానికి రెండు సార్లు ఫిజియోథెరపీకి, ఎప్పుడైనా తిరుపతికి. ఎప్పుడూ వెనక సీటే.

షోరూమ్‌కు వెళ్లింది మామ ఒక్కడే. కాబట్టి ఆయన తెచ్చిన కాగితాల్లో ముందు సీటు సంగతులే ఉన్నాయి. మనలో ఎక్కువమంది ఇళ్లలో కారంటే ఆడవాళ్లకు వెనక సీటు. వెనక సీటును కొలవకుండా చేసిన పోలిక సగం పోలికే.

కొలతలు చదవడం

ముందు చక్రాల ఇరుసుకూ వెనక చక్రాల ఇరుసుకూ మధ్య దూరాన్ని వీల్‌బేస్ అంటారు. వెనక కూర్చున్నవాళ్ల కాళ్లకు చోటు చాలావరకు దీన్ని బట్టే ఉంటుంది. ఏ4కు ఇది సుమారు 2820 మిల్లీమీటర్లు, సీ-క్లాస్‌కు 2865, పొడవు 3 సిరీస్‌కు 2961. మామూలు 3 సిరీస్ కంటే ఇది 110 మిల్లీమీటర్లు ఎక్కువ. డ్రైవరును పెట్టుకుని వెనక కూర్చునేవాళ్లు మన దేశంలో ఎక్కువ కాబట్టి 2021లో ఈ పొడవు రకాన్ని ఇక్కడికి తెచ్చారు. కాళ్లు చాపుకోవడమే కొలమానమైతే పోటీ ఇక్కడే ముగిసింది.

ఇంజను సంగతి మామకు కావాలి. పెట్రోలు 3 సిరీస్‌ది 2 లీటర్ల ఇంజను, 258 హార్స్‌పవర్. సీ-200ది ఒకటిన్నర లీటరు, 204. ఏ4ది 2 లీటర్లు. అది 2021లో వచ్చినప్పుడు 190. మొదటి రెండూ వెనక చక్రాలతో నడిచేవి, ఏ4 ముందు చక్రాలతో నడిచేది. నడపడంలో హుషారు కోరేవాళ్లు 3 సిరీస్ వైపు, మెత్తని ప్రయాణం కోరేవాళ్లు సీ-క్లాస్ వైపు మొగ్గుతారు. మూడింటిలోనూ వెనక సీటు మధ్యలో, కాళ్ల దగ్గర, నేల గట్టులా లేచి ఉంటుంది. కాగితం మీద అయిదుగురు అని ఉన్నా అయిదో మనిషికి తిరుపతి దాకా శిక్షే.

అత్త గడికి నేను టేపు తీసుకుని కింద కారు నిలిపే చోటు కొలిచాను. గోడ నుంచి గేటు దాకా పదహారున్నర అడుగులు. పొడవు 3 సిరీస్ సుమారు 4.82 మీటర్లు, అంటే పదహారడుగులకు రెండంగుళాలు తక్కువ. గేటు వేస్తే మిగిలేది ఎనిమిది అంగుళాలు. సీ-క్లాస్ అయితే ఇంకో రెండున్నర అంగుళాలు కలిసొస్తుంది. ఏది కొన్నా గేటు వేశాక డిక్కీ తెరవడం కుదరదు. ఈ సంగతి ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండదు, మన ఇంటి టేపులోనే ఉంటుంది.

నక్షత్రాలను పోల్చేటప్పుడు

యూరప్‌లో కార్లను గుద్దించి చూసే యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో మూడింటికీ అయిదు నక్షత్రాలే వచ్చాయి. కాబట్టి మూడూ సమానం అనుకోకూడదు. ఏ4కు ఆ నక్షత్రాలు 2015లో వచ్చాయి, 3 సిరీస్‌కు 2019లో, సీ-క్లాస్‌కు 2022లో. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పరీక్ష కఠినమవుతూ వచ్చింది. పాత సిలబస్‌లో వచ్చిన తొంభై మార్కులనూ కొత్త సిలబస్‌లో వచ్చిన తొంభై మార్కులనూ మనం ఒకటిగా చూడం కదా. పోల్చేటప్పుడు కొలబద్ద ఒకటేనా అని చూడడం రెండో నియమం.

ఎన్ని నక్షత్రాలున్నా వెనక సీటులో బెల్టు పెట్టుకోకపోతే వృథా. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్ర పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ఖరీదైన కారులోనే చనిపోయారు. ఆయన వెనక సీటులో బెల్టు లేకుండా కూర్చున్నారని అప్పుడు పోలీసులు చెప్పారు.

డబ్బు లెక్క

ఇది నా సబ్జెక్టు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పెద్ద కార్ల మీద జీఎస్టీ 40 శాతం. 60 లక్షల ధరలో కారు అసలు విలువ 42 లక్షల 86 వేలు, పన్ను 17 లక్షల 14 వేలు. దీనిపైన తమిళనాడులో 20 లక్షలు దాటిన కార్లకు జీవిత పన్ను 20 శాతం, అంటే 12 లక్షలు. ఒక శాతం టీసీఎస్ 60 వేలు. అది ఆదాయపు పన్ను లెక్కలో సర్దుబాటు చేసుకోవచ్చు. ఇన్సూరెన్సు కలపకముందే 72 లక్షలు దాటింది.

మామ 50 లక్షలు అప్పు తీసుకుందామనుకున్నాడు. 9 శాతం వడ్డీ అనుకుంటే అయిదేళ్లకు నెలకు సుమారు 1,03,800 కట్టాలి. ఏడేళ్లకు పెంచితే నెలకు 80,400. చూడడానికి తేలిక. కానీ మొత్తం వడ్డీ మొదటిదానిలో 12 లక్షల 27 వేలు, రెండోదానిలో 17 లక్షల 57 వేలు. నెలవారీ మొత్తాన్ని మాత్రమే పోల్చేవాళ్లకు ఈ 5 లక్షల 30 వేలు కంటికి కనబడవు.

ఇక విలువ తరగడం. ఇన్సూరెన్సువాళ్లు కారు విలువను ఏటేటా తగ్గిస్తూ అయిదో ఏటికి సగానికి లెక్క కడతారు. 60 లక్షల కారు 30 లక్షలు అవుతుంది. అంటే కారు కదలకుండా నిలబడి ఉన్నా నెలకు 50 వేలు కరుగుతుంది. సీ-క్లాస్‌లో డీజిలు తీసుకుంటే మైలేజీ ఎక్కువ అని మామ వాదన. కంపెనీ చెప్పే లెక్క పెట్రోలుకు లీటరుకు 16.9, డీజిలుకు 23 కిలోమీటర్లు. మా ఇంట్లో కారు నెలకు 600 కిలోమీటర్లు తిరుగుతుంది. పెట్రోలు లీటరు 100, డీజిలు 92 అనుకుంటే ఏడాదికి మిగిలేది సుమారు 14 వేలు. నెలకు 50 వేలు కరిగేచోట ఏడాదికి 14 వేల గురించి గంటసేపు మాట్లాడుకున్నాం. చిన్న తేడాను పట్టుకుని పెద్ద తేడాను వదలకూడదన్నది మూడో నియమం.

యానాం ఉపాయం

లెక్క విన్న ఒక చుట్టం ‘యానాంలో మనవాళ్లు ఉన్నారు గదా, వాళ్ల అడ్రసు మీద రిజిస్టర్ చేయించు, పన్ను చాలా మిగులుతుంది’ అన్నాడు. యానాం పుదుచ్చేరిలో భాగం. అక్కడి బండ్లకు పీవై-04 నంబరు. తమిళనాడు కంటే అక్కడ పన్ను తక్కువన్నది నిజమే. కానీ యజమాని నివసించే చోటో, బండి మామూలుగా నిలిపి ఉంచే చోటో రిజిస్టర్ చేయించాలని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతోంది. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి, పన్నూ కట్టాలి. 2017లో పుదుచ్చేరి అడ్రసులతో ఖరీదైన కార్లు రిజిస్టర్ చేయించారని కేరళలో సినిమావాళ్ల మీద కేసులే పెట్టారు. యానాంలో ఉండే తెలుగువాళ్లకు అది హక్కు, పెరంబూరులో ఉండేవాళ్లకు అది అబద్ధపు అడ్రసు. పైగా దానికి సాక్షి సంతకం పెట్టేది ఆ ఇంటివాళ్లు. ఈ మాటను అత్తే అక్కడికక్కడ తుంచేసింది.

మన ఊరి నీళ్లు

2015 డిసెంబరు, 2023 డిసెంబరు వరదలను చెన్నైవాళ్లకు గుర్తు చేయనక్కరలేదు. సెడాన్ నేలకు దగ్గరగా ఉండే బండి. నీళ్లలో నిలిచిన కారును స్టార్ట్ చేస్తే ఇంజనులోకి నీరు పోయి లోపలి భాగాలు విరుగుతాయి. మామూలు ఇన్సూరెన్సు పాలసీలో ఈ నష్టానికి పరిహారం రావడం కష్టం. ఇంజను రక్షణ అనే అదనపు పాలసీ విడిగా తీసుకోవాలి. నీరు నిలిస్తే తాళం తిప్పకుండా బండిని తోయించి తీయించాలి. మూడు కార్లకూ ఇది సమానమే. అందుకే మూడింటి పోలికలో ఇది ఎక్కడా రాదు. ఒకదానితో ఒకటి పోల్చినప్పుడు అన్నిట్లోనూ ఉన్న లోపం కనబడకుండా పోతుంది.

పట్టిక ఏం చెప్పింది

ఈ చివరి మాట అవ్వ విషయంలోనే నిజమైంది. అవ్వను తీసుకెళ్లి మూడింటిలోనూ కూర్చోబెట్టాం. పొడవు 3 సిరీస్‌లో కాళ్లు చాపుకుని ‘మంచం మాదిరి ఉందే’ అనింది. దిగేటప్పుడు మాత్రం ఇద్దరం చేతులు పట్టాల్సి వచ్చింది. మూడింటిలోనూ అంతే, సీటు కిందికి ఉంటుంది. చీరకట్టుతో, నొప్పి మోకాళ్లతో అంత కిందినుంచి లేవడం కష్టం. ఇంట్లో ఉన్న పాత ఎత్తు కారులోకి అవ్వ ఎవరి సాయమూ లేకుండా ఎక్కుతుంది, దిగుతుంది. ఆ పాత కారును ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేయాలన్నది మామ ఆలోచన. ‘ఈ మూడింటిలో ఏది?’ అని అడిగినంతసేపూ ఆ పాత కారు పోటీలోనే లేదు. ‘అవ్వ కొఱకు’ అని రాయగానే అదే మొదటి స్థానానికి వచ్చింది.

మూడింటిలో నా తీర్పు అడిగితే ఇలా చెబుతాను. తానే నడిపేవాళ్ల కొఱకు 3 సిరీస్. డ్రైవరును పెట్టుకుని వెనక కూర్చునే, మోకాళ్లు బాగున్నవాళ్ల కొఱకు కూడా అదే. మెత్తదనం కోరి దూరాలు ఎక్కువ తిరిగేవాళ్ల కొఱకు డీజిలు సీ-క్లాస్. ధర బాగా తగ్గించి ఇస్తే తప్ప ఏ4 కాదు, మూడింటిలో పాత రూపం దానిదే.

మామ ఇప్పుడు చెబుతున్నది వేరు. పాత కారు ఇంట్లోనే ఉంటుంది. కొత్తదానికి అప్పు 30 లక్షలు దాటకూడదు, కాబట్టి కొనడం వచ్చే ఏడాదికి. ఈసారి షోరూమ్‌కు అత్తా వెళుతుంది, నడిపి చూసేది ఆమే. ‘రెండో తాళంచెవి నాకే’ అని ఇప్పుడే చెప్పి పెట్టింది.

అభ్యాసం

మీ ఇంట్లో ఈ ఏడాది కొనబోయే ఒక వస్తువును తీసుకోండి. స్కూటీ కావచ్చు, వాషింగ్ మిషన్ కావచ్చు, చెల్లెలికి కాలేజీ సీటైనా కావచ్చు.

1. ఎడమ పక్క వస్తువుల పేర్లు కాక, దాన్ని వాడే అందరి పేర్లూ రాయండి. ప్రతి పేరు పక్కనా ‘కొఱకు’ చేర్చండి.

2. ఆ తర్వాతే ‘కంటె’తో వాక్యాలు రాయండి. ప్రతి వాక్యంలో రెండో వస్తువు పేరు తప్పక ఉండాలి.

3. ఇప్పుడు ఇంట్లో ఉన్న పాత వస్తువును కూడా పోటీలో నిలబెట్టండి.

4. పట్టికలో ఎవరి గడి ఖాళీగా ఉందో చూడండి. వెళ్లి వాళ్లను అడగండి.