వారానికొక సాయంత్రం పాడి లెక్క



పులికాట్ సరస్సు దక్షిణపు ఒడ్డున, తమిళనాడు వైపు గ్రామాలలో, రొయ్యల వేటకు ‘పాడు’ అనే వంతు పద్ధతి వున్నది. ఎవరు ఏ రోజున ఏ తావులో వల వేయవలెనో ముందుగానే నిర్ణయించుకొంటారు. తన వంతు ఎప్పుడో జాలరి మరచిపోడు. మరచిపోతే ఆ రోజు సంపాదన లేనట్లే. మన పాడి పశువు కూడా ఇలాగే మనకు వంతు ఇస్తుంది. ఆ వంతును మాత్రం మనలో చాలామందిమి మరచిపోతూనే వుంటాము.

చూడి కట్టని ఆవు గాని గేదె గాని సుమారు 21 రోజులకొకసారి ఎదకు వస్తుంది. 21 రోజులంటే సరిగా మూడు వారాలు. ఈ శుక్రవారం ఎదకు వచ్చిన పశువు మూడు వారాల తరువాత మళ్ళీ శుక్రవారం నాడే, లేదా ఒకటి రెండు రోజులు ఇటు అటుగా ఎదకు వస్తుంది. అందుచేత పాడి లెక్కకు నెలకంటె వారమే మంచి కొలత.

ఆవు అరచి ఊరంతటికీ చెబుతుంది. గేదెది తరచు మూగ ఎద. ఎండాకాలంలో మరీ కనిపించదు. రాత్రివేళ, తెల్లవారుజామున, చల్లపూట చూడవలెను. తీగలు వేయుట, మాటిమాటికి మూత్రం పోయుట, మేత తగ్గుట, ఆ పూట పాలు తగ్గుట వంటి గుర్తులు ఏ రోజున చూడవలెనో తెలియని వారి కంట పడవు. తెలిసినవారు ఆ రెండు మూడు రాత్రులు టార్చిలైటు పట్టుకొని కొట్టంలోకి ఒకసారి పోయి వస్తారు. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం సూది వేయించవలెను.

ఒక ఎద తప్పితే మరి 21 రోజుల మేత దండుగ. మూడు తప్పితే రెండు నెలలు దాటిపోతాయి. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ‘ఇది గొడ్డుపోయింది’ అంటారు. ఆ మాట బేరగాని చెవిన పడడానికి ఎంతోసేపు పట్టదు. తప్పు గేదెదో, చూడని మనదో చెప్పడానికి ఇంట్లో కాగితం ముక్క వుండదు. ఈ వ్రాయుచున్నవాడు కూడా ఒక గేదెను అలాగే అమ్ముకొన్నాడు. కొన్నవారింట అది నాలుగు నెలలు తిరగకుండా చూడి కట్టింది.

కనుక వారానికొక సాయంత్రం కేటాయించండి. మీ ఊరి సంతకు ముందు రోజైతే మంచిది. దాణా, తవుడు, పలుపుతాడు ఏది కొనవలెనో అప్పుడే తేలిపోతుంది. పాలు పితికే మనిషి తప్పక కూర్చోవలెను. చాలా ఇళ్ళలో ఆ మనిషి ఇల్లాలే, పశువు సంగతి ఆమెకు తెలిసినంత మనకు తెలియదు. వ్రాసే పని బడికి పోయే పిల్లకు అప్పగించండి. పుస్తకం అవసరం లేదు, గోడమీది క్యాలెండరు చాలు. ఎద కనిపించిన తేదీ గడిలో పశువు పేరు వ్రాసి, అదే వారం వరుసలో మూడు గళ్ళు ముందుకు లెక్కించి అక్కడ ఒక సున్న చుట్టవలెను. సూది వేయించినా సున్న చుట్టవలసినదే. ఆ రోజున మళ్ళీ ఎద కనిపిస్తే సూది నిలువలేదన్న మాట. కనిపించకపోయినంత మాత్రాన చూడి అనుకోరాదు. మూడు నెలలకు పశువైద్యునిచేత పరీక్ష చేయించవలెను.

చూడి నిలిచిందని తేలిన రోజున ముందు గళ్ళు కూడా నింపవచ్చును. గేదెకు సుమారు 310 రోజులు, ఆవుకు సుమారు 280 రోజులు. జనవరి 1న సూది వేయించిన గేదె నవంబరు 7 ప్రాంతంలో ఈనుతుంది. అప్పుడు సూళ్ళూరుపేట, తడ వైపు వానలు, తుఫానుల కాలం. కొట్టంలో నేల ఎత్తు చేయుట, ఎండుగడ్డి వామి కప్పుట అక్టోబరుకు ముందే జరగవలెను. పాలు పితుకుట ఈనికకు రెండు నెలల ముందు, అంటే సెప్టెంబరు 8 నాటికి ఆపవలెను. ఈ సంగతులన్నీ జనవరి నాటి ఒక్క గడిలోనే వున్నవి.

పాల లెక్కకు ఎక్కువసేపు పట్టదు. సొసైటీ స్లిప్పులను చొక్కా జేబులో మరచిపోక ఒక డబ్బాలో వేసి వుంచి, ఆ సాయంత్రం వారం పాలను, వెన్న శాతాన్ని పోయిన వారంతో పోల్చండి. గేదెకు శరీర పోషణకు ఇచ్చేది గాక ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున దాణా పెట్టవలెను. పాలు తగ్గినా పాత కొలతే పెడుతున్నామా, పెరిగినా పెంచలేదా అన్నది అక్కడే తెలుస్తుంది.

గాంధీగారు లండనులో చదువుకొనే రోజులలో బండి ఛార్జీ, తపాలా ఖర్చులతో సహా ప్రతి రాత్రి పడుకోబోయే ముందు లెక్క సరిచూచుకొనేవారట. మనకు అంత నిష్ఠ అక్కరలేదు. నేను మొదట అన్నీ వ్రాయబోయి నాలుగో వారానికే పుస్తకం అటక ఎక్కించాను. రానున్న వారానికి ఒక్క పని ఎంచుకొని, ఎవరు చేయవలెనో పేరు చెప్పుకొంటే చాలు. దూడకు నట్టల మందు కావచ్చు, నీళ్ళ తొట్టి పగులు కావచ్చు. ఒక వారం తప్పిపోతే పాత గళ్ళు పూరించుకొంటూ కూర్చోవద్దు. వచ్చే వారం నుండి సాగించండి.

సున్న చుట్టిన తేదీలను సూది వేసే కార్యకర్తకు ముందే చెప్పి వుంచండి. ఆయన పోవలసిన ఊళ్ళు చాలా వుంటాయి. ఎద కనిపించిన పూటనే కబురు పంపితే, ఆయన ఎక్కడ వున్నారో వెతుక్కొనేలోపు సమయం దాటిపోవచ్చును.