ఇంజనీరింగు మొదటి సంవత్సరం ఏమి కోరుతుంది?

ఇంటర్ ఫలితాలు రాగానే మన విచారణలలో తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న, "ఏ కాలేజీలో సీటు వస్తుంది?" అన్నది. ఘంటసాల పరిసరాల నుండి బందరు, గుడ్లవల్లేరు, విజయవాడ కాలేజీలకు వెళ్ళే బిడ్డలున్నారు. కాలేజీలు దగ్గరకు వచ్చాయి. కాని సీటు వచ్చిన తరువాత ఆ చదువు బిడ్డ నుండి ఏమి కోరుతుందో అడిగేవారు తక్కువ. ఈ వారం దానిని గూర్చి ముచ్చటించుకొందాము.

ఎంసెట్ అని మనం పిలుచుకొనే ప్రవేశ పరీక్షకు 2021 నుండి మన రాష్ట్రంలో ఈఏపీసెట్ అని పేరు. 180 నిమిషాలలో 160 ప్రశ్నలు. ప్రశ్నకు నిమిషం పైన కొన్ని సెకన్లు మాత్రమే. నాలుగు జవాబులలో ఒకటి గుర్తించాలి, తప్పయితే మార్కులు కోయరు. రెండేళ్ళు ఇందులోనే తర్ఫీదు పొందిన బిడ్డ, ఇంజనీరింగులో అడుగుపెట్టగానే వేరే ఆట ఆడవలసి వస్తుంది.

మన కాలువ లాకు తలుపునే తీసుకోండి. తలుపు వెడల్పు 3 మీటర్లు, ఒక ప్రక్క నీటి లోతు 2 మీటర్లు, అవతలి ప్రక్క నీరు లేదు అనుకొందాము. నీటి పైభాగాన ఒత్తిడి సున్న. అడుగున చదరపు మీటరుకు 2 టన్నులు. సగటున 1 టన్ను. నీరు తాకే వైశాల్యం 6 చదరపు మీటర్లు కనుక తలుపు మీద మొత్తం బలం 6 టన్నులు. ఇంటర్ విద్యార్థి ఇక్కడికి సులువుగా వస్తాడు. ఇంజనీరింగు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఆ బలం ఏ ఎత్తులో పనిచేస్తుంది? అడుగు నుండి మూడవ వంతు ఎత్తులో, అనగా సుమారు 67 సెంటీమీటర్ల వద్ద. మరి పై బందు మీద ఎంత భారం, క్రింది బందు మీద ఎంత? రేకు ఎంత మందం ఉండాలి? వరదకు నీరు 4 మీటర్లకు పెరిగితే? లోతు రెట్టింపైనది కదా అని 12 టన్నులు అనుకొంటే తలుపు ఊడిపోతుంది. సగటు ఒత్తిడీ, తడిసే వైశాల్యమూ రెండూ రెట్టింపవుతాయి. బలం 24 టన్నులు! ఇదంతా బొమ్మ గీసి, బాణాలు పెట్టి, మెట్టు మెట్టుగా వ్రాసి చూపాలి. ఇచ్చిన నాలుగింటిలో ఒకటి ఎంచుకొనే వీలు లేదు.

ఇటువంటి లెక్క ఒకటి స్వంతంగా చేయడానికి మొదట్లో గంట పట్టవచ్చు. అది తెలివి తక్కువతనం కాదు, ఆ చదువు పద్ధతే అంత. తరగతిలో విన్న ప్రతి గంటకు గదిలో మరొక గంట కూర్చోవాలి. డ్రాయింగు, వర్క్‌షాపు, ప్రయోగశాల రికార్డులు దీనికి అదనం. పరీక్ష ముందు వారం రోజులు మేలుకొని గట్టెక్కవచ్చునని సీనియర్లు చెప్పే మాట గణితం, మెకానిక్స్ దగ్గర చెల్లదు.

నిబంధనలు కూడా తెలిసి ఉండాలి. కాకినాడ జె.ఎన్.టి.యు. పద్ధతిలో థియరీ సబ్జెక్టుకు 30 మార్కులు కాలేజీలో, 70 చివరి పరీక్షలో. మొత్తం మీద 40 శాతం, చివరి పరీక్షలో విడిగా 35 శాతం రావాలి. ముప్పైకి ముప్పై వచ్చినా చివరి పరీక్షలో 25 తెచ్చుకోక తప్పదు. హాజరు 75 శాతం ఉండాలి. తగిన కారణం చూపితే 65 వరకు మన్నిస్తారు, ఆ క్రింద సెమిస్టరే పోతుంది. స్వయంప్రతిపత్తి గల కాలేజీలకు తమ నియమాలు ఉంటాయి. చేరిన రోజే ఆ పుస్తకం అడిగి తీసుకోండి.

తెలుగు మాధ్యమంలో చదివిన బిడ్డకు ఇంగ్లీషు మరొక బరువు. విషయం తెలిసినా వ్రాయలేక వెనుకబడతాడు. అఖిల భారత సాంకేతిక విద్యామండలి మొదటి సంవత్సరపు పుస్తకాలను తెలుగులో కూడా తెచ్చి, ఈ-కుంభ్ అనే తన పోర్టల్‌లో ఉంచింది. ముందు తెలుగులో అర్థం చేసుకొని, తరువాత ఇంగ్లీషులో వ్రాయడం అభ్యసించుటలో నామోషీ ఏమీ లేదు.

బందరు రోడ్డు మీది కంకిపాడులో 1902లో పుట్టిన కానూరి లక్ష్మణరావు గారి పేరు పెద్దలకు తెలుసు. బడి రోజులలో దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. అయినా మద్రాసు గిండీ కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1939లో బర్మింగ్‌హాంలో డాక్టరేటు పొందారు. నాగార్జునసాగర్ రూపకల్పనలో పాలుపంచుకొన్నారు, కేంద్రంలో నీటిపారుదల మంత్రి అయ్యారు. పులిచింతలకు ఆయన పేరే పెట్టారు. ఈ మాట ఎందుకంటే, మన పిల్లలకు ఇంజనీరు అనగానే కంప్యూటరు ముందు కూర్చున్న మనిషే కనబడుతున్నాడు. మన పొలానికి నీరు తెచ్చినదీ ఈ చదువే.

తల్లిదండ్రులారా, ఒక మనవి. మొదటి సెమిస్టరులో ఒకటి రెండు సబ్జెక్టులు తప్పడం వింత కాదు, సప్లిమెంటరీలో వ్రాసుకోవచ్చు. అసలు ప్రమాదం దాచడంలో ఉంది. కౌలు పొలం మీద అప్పు తెచ్చి పంపిన తండ్రికి తప్పానని చెప్పలేక, "బాగానే చదువుతున్నాను" అంటారు. రెండు అయిదవుతాయి, అయిదు తొమ్మిదవుతాయి. కొందరు గది విడిచి బయటకు రారు, అన్నం మానేస్తారు. కనుక ఫోనులో "ఎన్ని మార్కులు?" అని మొదలుపెట్టకండి. "ఈ వారం ఏ లెక్క అర్థం కాలేదురా?" అని అడగండి. సమాధానం మీకు అర్థం కానవసరం లేదు. మొదటి మిడ్ పరీక్ష అయిన వారంలో ఒక పూట పని మానుకొని కాలేజీకి వెళ్ళి, బిడ్డను వెంటబెట్టుకొని గణితం మాస్టారినీ, మెకానిక్స్ మాస్టారినీ కలవండి. సెమిస్టరు చివరి వరకు ఆగితే హాజరు లెక్క అప్పటికే ముగిసిపోయి ఉంటుంది.