చూసిన ఊరికే మళ్ళీ: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: 2012 జనవరిలో ఒక్కదాన్నే కంబోడియా వెళ్ళి సియం రీప్‌లో ఆరు రోజులున్నాను. ఒంటరిగా దేశం దాటడం అదే మొదటిసారి. అంగ్‌కోర్ గుళ్ళన్నీ తిప్పి చూపించిన బండబ్బాయి ఆఖరి రోజు వాళ్ళింటికి తీసుకెళ్ళి అన్నం పెట్టించాడు. అతని భార్యాపిల్లలతో తీసుకున్న ఫొటో నా దగ్గరుంది, ఫోన్ నంబరే పోయింది. ఆ ఆరు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒంట్లో సత్తువ వచ్చినట్టుంటుంది. నాకిప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. ఈసారి దసరా సెలవులకి మళ్ళీ వెళ్ళాలనుంది. మావారేమో "చూసిందే చూడ్డానికి అంత డబ్బెందుకు, ఇంకో దేశం చూడొచ్చుగా" అంటున్నారు. ఆయన మాటకంటే నా భయమే నన్ను ఎక్కువ ఆపుతోంది. అక్కడికి వెళ్ళాక ఆ ఊరు ఆ ఊరిలా లేకపోతే? ఉన్న జ్ఞాపకం కూడా చెడిపోతుందేమో. వెళ్ళమంటారా?
– ఒక ఉపాధ్యాయురాలు, కాకినాడ

జవాబు: వెళ్ళండి చెల్లీ. మీ భయం మాత్రం ఉత్తిది కాదు. ఆ ఊరు అలా లేదు. ఆ సంగతి అక్కడికి వెళ్ళాక తెలిసి మనసు కష్టపెట్టుకునే బదులు, ఇక్కడే తెలుసుకుని బయల్దేరండి.

మీరు దిగిన పాత విమానాశ్రయం ఊరికి కూతవేటు దూరం. అది మూతపడింది. 2023 అక్టోబరు నుంచి కొత్తది నడుస్తోంది, అక్కణ్ణించి ఊళ్ళోకి రావాలంటే నలభై యాభై కిలోమీటర్లు ప్రయాణం. కరోనా రోజుల్లో ఊళ్ళో 38 రోడ్లు వెడల్పు చేసి, కాలిబాటలు వేసి, కొత్తగా తీర్చారు. మీకు గుర్తున్న ఎర్రమట్టి సందు ఇప్పుడు తారురోడ్డయి ఉండొచ్చు. మోటారు సైకిలుకి వెనక బండి తగిలించిన రెమోర్క్‌లు ఇంకా ఉన్నాయి, కానీ వాటి సరసన మన దేశంలో తయారైన ఆటోలే బోలెడు తిరుగుతున్నాయి. శనివారం సాయంత్రాలు జయవర్మన్ పేరిట ఉన్న పిల్లల ఆసుపత్రిలో సెల్లో వాయించి, విన్నవాళ్ళను డబ్బో రక్తమో ఇవ్వమని అడిగే స్విస్ డాక్టరు బీట్ రిచ్‌నర్ మీకు గుర్తుండే ఉంటారు. ఆయన 2018లో పోయారు. ఆయన కట్టించిన కాంతా బోఫా ఆసుపత్రులు పిల్లలకు ఉచితంగా వైద్యం చేస్తూనే ఉన్నాయి. అంగ్‌కోర్‌లో మీరు కొనే ప్రతి టికెట్టులో రెండు డాలర్లు వాటికే వెళ్తాయి.

నా సంగతి కూడా చెప్తాను. మొదటిసారి నేను ఉన్నది ఒక చిన్న వసతిగృహంలో, మేడమీది గదిలో. కిటికీ తీస్తే దేవగన్నేరు చెట్టు చేతికందేది. ఎనిమిదేళ్ళ తర్వాత బస్సు దిగి, సంచీ భుజాన ఉండగానే నేరుగా అక్కడికే వెళ్ళాను. వసతిగృహం లేదు, చెట్టూ లేదు. ఆ స్థలంలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఆ తర్వాత రెండు రోజులు ఏది చూసినా "అప్పుడిలా లేదు" అనుకుంటూనే తిరిగాను. అన్నం సహించలేదు, ఏ గుడీ మనసుకెక్కలేదు.

మూడో రోజు పొద్దున అంగ్‌కోర్ వాట్‌లో ఉండగా వాన పట్టుకుంది. తూర్పు వైపు మండపంలో, క్షీరసాగర మథనం చెక్కిన గోడ దగ్గర ఇరుక్కుపోయాను. దాదాపు 49 మీటర్ల పొడవున ఒకే కథ. వాసుకిని అటు 92 మంది అసురులు, ఇటు 88 మంది దేవతలు పట్టుకుని లాగుతుంటారు. మొదటిసారి గైడు అక్కడ ఐదు నిమిషాలు నిలబెట్టి ఈ లెక్కలే చెప్పి ముందుకు నడిపించాడు. ఈసారి వాన పుణ్యమా అని చేసే పని వేరే లేక, ఒక కొస నుంచి మెల్లగా నడుస్తూ అడుగున చెక్కిన నీటిని చూశాను. చేపలు, మొసళ్ళు బారులు తీరి ఉన్నాయి. మందర పర్వతానికి దూరంగా ఉన్నంతసేపూ నిండుగా ఉన్న చేపలు, కవ్వం దగ్గరకొచ్చేకొద్దీ సుడి ధాటికి తెగి ముక్కలై ఉన్నాయి. పోతన భాగవతం వింటూ పెరిగినదాన్ని, సముద్రాన్ని చిలికితే అందులోని చేపలేమవుతాయని నాకెప్పుడూ తట్టలేదు. ఆ శిల్పికి తొమ్మిది వందల ఏళ్ళ కిందటే తట్టింది. గంటసేపు అక్కడే ఉండిపోయాను. వాన వెలిసేసరికి నాలో రెండు రోజులుగా గూడుకట్టుకున్న అలక కూడా పోయింది.

అందుకని మీకు గట్టిగా చెప్పగలిగింది ఒకటుంది. పాత ఆరు రోజులు వెతుక్కోవడానికి వెళ్ళకండి, అప్పుడు చూపు ఆననిది చూడ్డానికి వెళ్ళండి. మొదటి ప్రయాణంలో మనకు దారి తప్పకుండా తిరగడం, డబ్బు జాగ్రత్త, భాష రాని భయం, వీటితోనే సగం పొద్దు గడిచిపోతుంది. ఆ బరువంతా ఇప్పుడు దిగిపోయింది. మీవారికి కూడా ఒక మాట చెప్పండి. ఏటేటా అన్నవరం కొండెక్కేవాళ్ళను "చూసిందే కదా" అని ఎవరూ అనరు.

ఇక ఆ బండబ్బాయి. ఫొటోను ఫోన్‌లో చూపించడం కాదు, పెద్ద సైజులో రెండు కాపీలు అచ్చు వేయించుకెళ్ళండి. అప్పట్లో మీరున్న హోటల్ ఇంకా ఉంటే అక్కడ, లేకపోతే ఆ వీధి మొగలో ఆగే పాత రెమోర్క్‌ వాళ్ళ దగ్గర చూపించి అడగండి. ఆ పనిలో ఉన్నవాళ్ళు ఒకరినొకరు ఎరుగుదురు. ఒక విషయం మాత్రం తెలుసుకుని వెళ్ళండి. 2022 నుంచి అంగ్‌కోర్ రక్షిత ప్రాంతంలో ఉంటున్న వేల కుటుంబాలను ప్రభుత్వం అక్కణ్ణించి కదిలించి, రున్ తా ఏక్ అనే చోట స్థలాలిచ్చింది. గుళ్ళ ముందు కొబ్బరి బొండాలు, నూడుల్స్ అమ్ముకున్నవాళ్ళలో చాలామంది బతుకుతెరువు దూరమైంది. ఇష్టపడి వెళ్ళలేదని మానవ హక్కుల సంస్థలు చెప్పాయి. అతని ఇల్లు గుడికి దగ్గర్లో ఉండేదని మీకు గుర్తుంటే రున్ తా ఏక్‌లో కూడా వాకబు చేయండి. దొరికితే ఒక ఫొటో వాళ్ళకివ్వండి, ఆ రోజు నాటి తమ పిల్లల బొమ్మ వాళ్ళ దగ్గర ఉండి ఉండకపోవచ్చు. కాకినాడ కాజాలు పట్టుకెళ్ళండి. మొదటి పలకరింపులోనే చేతిలో డబ్బు పెట్టకండి, అతను మీకు అన్నం పెట్టినవాడు.

దసరా సెలవులన్నారు కాబట్టి ఇంకొకటి. మన మహాలయ పక్షమే అక్కడ ప్చుమ్ బెన్. భాద్రపద బహుళంలో అదే పదిహేను రోజులు, ఆఖరు అమావాస్యే. తెల్లవారుజామున బౌద్ధాలయాల చుట్టూ తిరుగుతూ, పోయిన పెద్దల కోసం అన్నం ముద్దలు చీకట్లోకి విసురుతారు. "బెన్" అంటే మన పిండమే. మహాలయ అమావాస్యకు రెండు రోజుల ముందే చేరుకోగలిగితే అది చూస్తారు. 2012 జనవరిలో వెళ్ళినప్పుడు మీకు దొరకనిది అదే. ఆ రోజుల్లో దుకాణాలు కట్టేసి జనం సొంతూళ్ళకు పోతారు, బండ్లు దొరకడం కష్టం. గది, బండి ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: 2019లో మూడు రోజుల్లో ఇరవై గుళ్ళు చూశాను. ఇప్పుడు ఫొటోలు చూస్తే ఏది ఏ గుడో చెప్పలేను. ఫిబ్రవరిలో ఆరు రోజులకి ఒక్కణ్ణే మళ్ళీ వెళ్తున్నాను. ఎలా తిరగమంటారు? కిందటిసారి బ్యాంకాక్ నుంచి బస్సులో వెళ్ళాను.
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: బస్సు సంగతి ముందు, తమ్ముడూ. కంబోడియా, థాయ్‌లాండ్ మధ్య గొడవలు ముదిరి 2025 జూన్‌లో సరిహద్దు దారులు మూసేశారు, ఆ తర్వాత రెండు విడతలు కాల్పులు కూడా జరిగాయి. సరిహద్దులోని పోయిపెట్ మీదుగా వెళ్దామనే ఆలోచన పెట్టుకోకండి. విమానంలోనే వెళ్ళండి, టికెట్ కొనేముందు మన విదేశాంగ శాఖ సూచనలు చూసుకోండి.

పాస్‌లు మీకు తెలిసినవే: ఒకరోజుది 37 డాలర్లు, మూడు రోజులది 62, ఏడు రోజులది 72. అంటే పది డాలర్లు ఎక్కువ పెడితే ఇంకో నాలుగు రోజులు. పైగా ఏడు రోజుల పాస్ వరసగా వాడక్కర్లేదు, నెల రోజుల్లో ఎప్పుడైనా ఏడు రోజులు. ఇది చేతిలో ఉంటే "కొన్న టికెట్టుకి న్యాయం చేయాలి" అన్న తొందర ఉండదు. రోజుకి ఒక్క గుడి పెట్టుకోండి. మధ్యాహ్నం గదికొచ్చి పడుకోండి.

అంగ్‌కోర్ వాట్ ముఖం పడమటికి. అందరూ చీకట్లో వెళ్ళి కొలను పక్కన నిలబడేది సూర్యుడు గుడి వెనక నుంచి రావడం చూడ్డానికి. అది ఒకసారి చూశారు కదా, ఇప్పుడు మధ్యాహ్నం మూడు దాటాక వెళ్ళండి. ఎండ ఎదురుగా పడి రాయి తేనెరంగుకొస్తుంది. గోడల మీది చెక్కడాలకు మాత్రం పొద్దున ఏడున్నరప్పుడు వెళ్ళండి, సూర్యోదయం చూసిన జనమంతా టిఫిన్లకు వెళ్ళిపోయి ఉంటారు. పడమటి మండపంలో లంకాయుద్ధం ఉంది. ఎవరెవరు ఏ వాహనం మీద ఉన్నారో రామాయణం తెలిసినవాళ్ళు గైడు లేకుండానే పోల్చుకోవచ్చు.

గుడి పై అంతస్తు, బకాన్, బౌద్ధుల పుణ్యదినాల్లో మూసేస్తారు. అవి అష్టములు, పౌర్ణమి, అమావాస్య. వెళ్ళేముందు తెలుగు క్యాలెండర్ తిరగేస్తే తెలిసిపోతుంది, ఒక రోజు అటూ ఇటూ చూసుకోండి. మోకాళ్ళు, భుజాలు కప్పే బట్టలు లేకపోతే పైకి పోనివ్వరు.

తా ప్రోమ్‌లో చెట్ల వేళ్ళ దగ్గర ఫొటోల వరస చూసి విసిగి వెనక్కి రాకండి. అక్కడి నాట్యమండపాన్ని మన పురావస్తు శాఖ వాళ్ళు నిలబెట్టారు, 2022లో పని పూర్తయింది. కూలిన రాళ్ళను ఒక్కొక్కటే గుర్తుపట్టి ఏది దేని మీదదో చూసి పేర్చిన పని అది. దగ్గరికెళ్తే పాత రాయి ఎక్కడ ఆగిందో, కొత్త రాయి ఎక్కడ మొదలైందో కనిపిస్తుంది. 967లో కట్టిన బంతేయ్ స్రెయ్‌కి ఒక పూట పూర్తిగా ఇవ్వండి. గులాబిరంగు రాయి, చెక్కపని అంత సన్నటి చెక్కడం. తోరణాల మీద నరసింహుడున్నాడు, కైలాసం కదిలించే రావణుడున్నాడు. చిన్న గుడే కదా అని అందరూ అరగంటలో తేల్చేస్తారు. ఇరవైలో మీకు ఒక్కటే మళ్ళీ చూసే వీలుంటే నేను దీన్నే చూడమంటాను.

ప్రశ్న: నేను శాకాహారిని. కిందటిసారి అరటిపళ్ళతో గడిపాను. మళ్ళీ వెళ్ళాలనుంది కానీ తిండి తలుచుకుంటే బెంగ.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అక్కడ చిక్కు మాంసంతో కాదు, కంటికి కనపడని చేపతో. చేపల రసం, ప్రహోక్ అనే ఊరబెట్టిన చేప కూరల్లో పడిపోతాయి. "మాంసం వద్దు" అంటే అవి తీసేయాలని వాళ్ళకు తోచదు. శాకాహారానికి వాళ్ళ మాట "మ్హోప్ బువోహ్", దాన్ని ఖ్మేర్ లిపిలో రాయించుకుని సంచీలో పెట్టుకోండి. సంతలో మన తూటికూర దొరుకుతుంది. వెల్లుల్లి వేసి మంట మీద ఎగరేసి ఇస్తారు, చేపల రసం బదులు సోయా రసం వేయమనండి. క్రాలాన్ అని వెదురు బొంగులో బంకబియ్యం, గింజలు, కొబ్బరిపాలు పోసి నిప్పుల మీద కాలుస్తారు. బొంగు వలిస్తే అన్నం మీద పల్చటి పొర అంటుకుని వస్తుంది, వాసన కమ్మగా ఉంటుంది. ఒకటి తింటే పూట గడుస్తుంది. ఊళ్ళో మనవాళ్ళ హోటళ్ళు ఉన్నాయి. ఒక సీసా కందిపొడి మాత్రం మర్చిపోకండి. డాలరు నోట్లు చిరుగు, మరక లేనివి తీసుకెళ్ళండి, చిన్న చిరుగున్నా తీసుకోరు.

ప్రశ్న: మా అమ్మాయికి ఇరవై ఏడేళ్ళు, బెంగళూరులో ఉద్యోగం. నిరుడు ఒక్కతే సియం రీప్‌ వెళ్ళొచ్చింది. ఇప్పుడు మళ్ళీ అక్కడికే టికెట్ కొన్నది. అక్కడ ఎవరన్నా ఉన్నారేమోనని వాళ్ళ నాన్నకు అనుమానం, పిల్లతో మాట్లాడ్తలేడు. అడిగితే "ఊరు నచ్చింది" అంటది, అంతే. నాకు నిద్ర పడ్తలేదు.
– ఒక అమ్మ, హనుమకొండ

జవాబు: అమ్మా, అక్కడ ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. ఊరే నచ్చి మళ్ళీ వెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారని మాత్రం నాకు తెలుసు, నేనూ వాళ్ళలో ఒకదాన్ని. పొద్దున్నే సైకిలు అద్దెకు తీసుకుని కందకం పక్కన చెట్ల కింద పోతుంటే, పెళ్ళెప్పుడని, జీతమెంతని అడిగేవాళ్ళు ఉండరు. ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగొచ్చు. ఆ వయసు పిల్లకు ఆ నాలుగు రోజులు ఎంత కావాలో, ఆ వయసులో మనకు అవి దొరకలేదు కాబట్టి మనకు అందకపోవచ్చు.

"ఎందుకు పోతున్నవ్" అని అడిగితే పిల్ల సంజాయిషీలోకి దిగుతుంది. "నిరుటి ఫొటోలు చూపియ్యి" అనండి. పక్కన కూచోండి, వాళ్ళ నాన్నను కూడా కూచోబెట్టండి. ఏ ఫొటో దగ్గర ఎక్కువసేపు ఆగుతుందో గమనించండి. మీకు కావలసిన జవాబు అక్కడ దొరుకుతుంది.

జాగ్రత్తల గురించి అడిగే హక్కు మీకుంది, అడగండి. గది చిరునామా, పాస్‌పోర్టు నకలు మీ దగ్గర ఉండాలి. ప్రయాణ బీమా చేయించాలి. హెల్మెట్, లైసెన్సు లేకుండా మోటారు సైకిలు అద్దెకు తీసుకోకూడదు. ఊరికి దూరంగా ఉన్న గుళ్ళ దగ్గర నడకదారి వదిలి పొదల్లోకి వెళ్ళకూడదు. ఆ దేశంలో యుద్ధకాలంలో పాతిన మందుపాతరలు ఇంకా పూర్తిగా తీయలేదు. మన రాయబార కార్యాలయం నామ్ పెన్‌లో ఉంది, ఆ నంబరు ఇద్దరూ దగ్గర పెట్టుకోండి. రాత్రి తొమ్మిదికి రోజూ ఒక మెసేజ్ పెట్టమనండి. మన తొమ్మిదంటే వాళ్ళకు పదిన్నర, ఆ టైముకి గదికి చేరి ఉంటుంది.

ఫోన్ చేసినప్పుడు మాత్రం జాగ్రత్తలతో మొదలుపెట్టకండి. "సోక్ సబాయ్ తే?" అని పలకరించండి. బాగున్నావా అని వాళ్ళ భాషలో. ఆ "సోక్" మన సుఖమే.