అండమాను సముద్రోద్యానము

బంగాళాఖాతమునకును అండమాను సముద్రమునకును నడుమ అండమాను దీవులు కలవు. మన తీరమునుండి వలసపోయిన తెలుగువారు అచ్చట పెక్కుమంది కలరు. ముఖ్యపట్టణమగు పోర్టుబ్లెయరునకు 2024వ సంవత్సరమున శ్రీ విజయపురమని పేరు మార్చిరి. దానికి సుమారు 30 కిలోమీటర్ల దూరమున వండూరు గ్రామము కలదు. అచ్చటి సముద్రమును, 15 దీవులను చేర్చి 1983లో మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానము నేర్పఱచిరి. దీని వైశాల్యము సుమారు 281 చదరపు కిలోమీటర్లు.

ఉద్యానమన్నంతనే మనకు పూలమొక్కలు తలపునకు వచ్చును. ఈ యుద్యానపు సొగసు నీటిలోపల నున్నది. అటవీశాఖవారి యనుమతిపత్రము గైకొని వండూరు రేవున పడవ యెక్కినవారు, మడయడవులు గల దీవుల నడుమనుండి జాలీబాయ్ ద్వీపమునకు పోవుదురు. అచ్చట అడుగున అద్దము బిగించిన పడవలలో కూర్చుండి చూచినచో, కొమ్మలవలెను, పుట్టగొడుగులవలెను, మనుష్యుని మెదడువలెను ఉన్న పగడములును, వాని సందులలో తిరుగు రంగురంగుల చేపలును కన్పట్టును.

పగడము చూచుటకు చెట్టు, తాకుటకు ఱాయి, నిజమునకు జంతువు. వేలకొలది చిన్న జీవులు ఒక్కచోట జేరి సున్నముతో గూళ్లు కట్టుకొనగా నీ రూపము లేర్పడును. నవరత్నములలో నెన్నబడు ఎఱ్ఱపగడము వీనికి చుట్టమే గాని జాతి వేఱు. ఈ జీవుల దేహములలో కంటికి గానరాని నాచు నివసించును. నాచు సూర్యరశ్మివలన ఆహారము సిద్ధపఱచి పగడమునకు పెట్టును. పగడము నాచునకు నిలువనీడ యిచ్చును. పగడపు రంగు చాలవఱకు ఆ నాచుదే.

సముద్రజలము మితిమీఱి వేడెక్కినచో నీ పొత్తు చెడును. పగడము నాచును వెలికి నెట్టి తెల్లబాఱును. వేడిమి త్వరలో తగ్గెనా, కోలుకొనవచ్చును. తగ్గదేని ఆకలిచే చచ్చును. 2010లో అండమాను పగడములు విస్తారముగా నిట్లు తెల్లబాఱినవి.

సముద్రపు వేడిమిని చల్లార్చుట యాత్రికుని వశము కాదు; అతని కాలును చేయియు మాత్ర మతని వశమే. గుండ్రని పగడము ఏడాదికి సుమారు ఒక సెంటిమీటరు పెరుగును. ఒక్క త్రొక్కుడుతో అనేక సంవత్సరముల పెరుగుదల నశించును. అందుచేతనే జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులను వంతులవారీగా తెఱచి, ఒకదానికి విశ్రాంతి నిత్తురు. ప్లాస్టిక్ సంచులను తేనీయరు. ఈ పగడములకు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణ కలదు.

బాలబాలికలారా! మీ బంధువు లెవరైన నండమానులనుండి వచ్చునపుడు పగడపు తునక తెమ్మని కోరకుడు. ఆ నీటిలో నేమేమి చూచితిరని యడుగుడు.