డిస్కో పోయింది, గిటార్ మిగిలింది

ఫెస్ట్ ప్రాక్టీస్ మొదలైన రోజే మా బ్యాండ్ సీనియర్ అన్న ఒకడు, "సోలో నేను చూసుకుంటా తమ్ముడూ, నువ్వు రిథమ్ వాయించు" అన్నాడు. నా మొహం మాడిపోయింది. రెండేళ్లు గిటార్ నేర్చుకున్నది వెనకాల నిలబడి చక్ చక్‌మనిపించడానికా? అన్నకి అర్థమైనట్టుంది. "ఒకసారి నైల్ రాడ్జర్స్‌ని విను, తర్వాత మాట్లాడదాం" అని వెళ్లిపోయాడు.

విన్నాను. వదల్లేక ఆయన గురించి చదివాను కూడా. నాకు అర్థమైనంత ఇక్కడ రాస్తున్నా. నాది ఇంగ్లిష్ మీడియం తెలుగు, తప్పులుంటే సర్దుకుపోండి.

ముందు మనిషి గురించి. నైల్ 1952లో న్యూయార్క్‌లో పుట్టాడు. అప్పటికి వాళ్లమ్మ వయసు 14. అమ్మ, సవతి తండ్రి ఇద్దరూ హెరాయిన్‌కి అలవాటు పడ్డవాళ్లు. టీనేజ్‌లో బ్లాక్ పాంథర్ పార్టీలో తిరిగాడు. తర్వాత సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ షో టూరింగ్ బ్యాండ్‌లోనూ, హార్లెమ్‌లోని అపోలో థియేటర్ బ్యాండ్‌లోనూ గిటార్ వాయించాడు. 1970లో బేస్ గిటారిస్ట్ బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ పరిచయమయ్యాడు. డ్రమ్మర్ టోనీ థాంప్సన్‌తో కలిసి వీళ్లు కట్టిన బ్యాండే షీక్. 1977లో మొదటి హిట్ వచ్చింది.

ఇప్పుడు అసలు పాఠం. డిస్కోలో ప్రతి బీట్‌కీ కిక్ డ్రమ్ పడుతుంది. నిమిషానికి దాదాపు 120 సార్లు, అటూ ఇటూగా. అది అందరి డిస్కోలోనూ ఉంటుంది. నైల్ ప్రత్యేకత దాని మీద వాయించే గిటార్. ఆ పద్ధతిని చకింగ్ అంటారు. అది నైల్‌కి నేర్పింది బెర్నార్డే.

ఒక్కో బీట్‌ని నాలుగు ముక్కలు చేయండి. మనకి తెలిసిన లెక్కే: త క ధి మి. నాలుగు బీట్లకి 16 గళ్లు. కుడిచెయ్యి కిందికీ పైకీ ఆ 16 గళ్లలోనూ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఏది మోగాలో నిర్ణయించేది ఎడమచెయ్యి. తీగల్ని నొక్కితే కార్డ్ మోగుతుంది. వేళ్లు కాస్త వదులు చేస్తే "చక్" అని పొడి శబ్దం వస్తుంది.

మన సీఎస్ఈ వాళ్లకి చెప్పాలంటే ఇది 16 బిట్ల అర్రే. 1 అంటే కార్డ్, 0 అంటే చక్. నేను చేసిన తప్పు ఎక్కడంటే, 0 వచ్చినప్పుడు చెయ్యి ఆపేసేవాణ్ణి. నైల్ దగ్గర 0 అంటే ఖాళీ కాదు, అదీ వాయించాల్సిందే. చెయ్యి ఆగిందా, డాన్స్ చేసేవాళ్ల కాలు కూడా తడబడుతుంది.

పాట రాయడంలోనూ వీళ్లకో రూల్ ఉండేది. ప్రతి పాటలో లోపల దాగిన అర్థం ఒకటి ఉండాలి. దానికి డీహెచ్ఎమ్ అని పేరు పెట్టుకున్నారు, డీప్ హిడెన్ మీనింగ్ అని. 1977 చివరి రాత్రి గాయని గ్రేస్ జోన్స్ పిలిస్తే స్టూడియో 54 అనే క్లబ్‌కి వెళ్లారు. గుమ్మం దగ్గర లోపలికి రానివ్వలేదు. ఇద్దరూ ఇంటికొచ్చి కోపంతో ఒక బూతు మాట పట్టుకుని జామ్ చేశారు. ఆ మాట మార్చాక తయారైందే 'లె ఫ్రీక్'. 1978లో అమెరికాలో నంబర్ వన్. గెంటేసిన క్లబ్బులోనే ఆ పాటకి జనం ఊగారు.

1979లో 'గుడ్ టైమ్స్' చేశారు. పైకి పార్టీ పాటే. కానీ అప్పుడు అమెరికాలో ధరలు మండుతున్నాయి, ఉద్యోగాలు లేవు. అందుకే అందులో 1930ల నాటి ఆర్థిక మాంద్యం కాలపు పాటల మాటల్ని కావాలనే గుర్తుచేశారు.

అదే ఏడాది జూలై 12న షికాగోలోని కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ స్టేడియంలో ఒక రేడియో డీజే డిస్కో రికార్డులు కుప్పపోసి పేల్చేశాడు. జనం గ్రౌండ్‌లోకి ఎగబడ్డారు, ఆ రోజు రెండో మ్యాచ్ జరగనే లేదు. డిస్కో ఎక్కువగా నల్లజాతివాళ్లు, లాటినోలు, గే క్లబ్బుల నుంచి వచ్చిన సంగీతం. కాబట్టి ఆ మంట పాటల మీద కోపం మాత్రమే కాదని చాలామంది అంటారు. నైల్ అయితే దాన్ని నాజీలు పుస్తకాలు తగలబెట్టడంతో పోల్చాడు. ఆగస్టులో 'గుడ్ టైమ్స్' నంబర్ వన్ అయింది. ఆ తర్వాత షీక్‌కి అమెరికాలో మళ్లీ అంత హిట్ రాలేదు. 1983కల్లా బ్యాండ్ విడిపోయింది.

ఇక్కడితో కథ అయిపోవాలి కదా? కాలేదు. 'గుడ్ టైమ్స్' బేస్ లైన్ మీదే అదే 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ 'రాపర్స్ డిలైట్' చేసింది. ర్యాప్‌ని ప్రపంచానికి పరిచయం చేసిన పాట అది. మొదట వీళ్ల పేర్లే వేయలేదు, లీగల్‌గా అడిగాక రచయితలుగా వేశారు. 1983లో విడుదలైన 'లెట్స్ డాన్స్' ఆల్బమ్‌ని డేవిడ్ బోవీ నైల్‌తో 17 రోజుల్లో రికార్డ్ చేశాడు. బోవీకి అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయిన ఆల్బమ్ అదే. 1984లో మడోన్నా 'లైక్ ఎ వర్జిన్' కూడా నైల్ చేతి మీదుగానే వచ్చింది. డిస్కో అన్న పేరు వింటేనే మొహం తిప్పుకున్నవాళ్లు ఆ చేతికే మళ్లీ డాన్స్ చేశారు.

1996లో జపాన్‌లో కచేరీ చేశాక బెర్నార్డ్ న్యుమోనియాతో టోక్యోలోనే చనిపోయాడు. 2010లో నైల్‌కి క్యాన్సర్ అని తెలిసింది. అయినా వాయించడం మానలేదు. 2013లో డాఫ్ట్ పంక్ 'గెట్ లక్కీ'లో వినిపించే గిటార్ ఆయనదే. మరుసటి ఏడాది దానికి గ్రామీల్లో రికార్డ్ ఆఫ్ ది ఇయర్ వచ్చింది.

ఇన్ని పాటల్లోనూ నైల్ సోలో కోసం వెతికాను. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ రిథమే. దాన్ని తీసేస్తే పాట నిలబడదు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'గుడ్ టైమ్స్' వినండి. గొంతులు వదిలేసి గిటార్ ఒక్కటే పట్టుకోండి, లోపల తకధిమి అనుకోండి. ఫెస్ట్‌కి ఇంకా మూడు వారాలుంది. నా కుడిచెయ్యి ఇప్పటికీ రెండో నిమిషానికే పట్టేస్తోంది. అన్నకి మాత్రం చెప్పేశాను, సోలో నువ్వే వాయించు అని.